మ్యూట్ చేసిన ట్రాక్

మా ఆవిడ చేతులకి అభిమానులున్నారు. వినడానికి విడ్డూరంగా ఉన్నా ఇది పచ్చి నిజం. ఆ చేతులు సూదిలోకి దారం ఎక్కిస్తుంటే చూడటానికి జనం ఎగబడతారు. నేనేమో ఏళ్ళ తరబడి గొంతు చించుకుని పాఠాలు చెబితే నా ఛానెల్లో నాలుగొందల చిల్లర మంది చేరారు. అందులో ఒకడు మా బావమరిది. వాడు కూడా వాళ్ళక్క పోరు పడలేక చేరినవాడే.

నా ఛానెల్ సంగతి నేనే చెప్పుకోవాలి, ఇంకెవరూ చెప్పరు కాబట్టి. విండోస్ బదులు వాడుకునే లినక్స్ మీద, ఎవరైనా ఊరికే వాడుకుని లోపల ఎలా ఉందో విప్పి చూసుకోగలిగే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో, మంచి వీడియోలు ఎలా తయారుచేసుకోవచ్చో నేర్పే ఛానెల్ అది. స్క్రీన్ రికార్డు చేయడం, గదిలో ఫ్యాను హోరు తీసేసి మాట స్పష్టంగా వచ్చేలా చూడటం, ముక్కలు కోసి అతకడం, అన్నీ పద్ధతిగా చెప్పాను. పగలంతా నా పని కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో. చీటీలో ఉన్న పవర్ చూసుకుని, అద్దం అంచులు ఫ్రేముకి సరిపోయేలా అరగదీసి బిగిస్తాను. ముందు గదిలో కుర్రాళ్ళు నవ్వుతూ ఫ్రేములు చూపిస్తారు, మెప్పు వాళ్ళకి పోతుంది. అలాంటి వెనకగది మనిషికి సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుంటే కాస్త దర్జా వచ్చేది. ఆ కంప్యూటర్ కూడా మా యజమాని పనికిరాదని మూలపడేస్తే, నేను మోసుకొచ్చి, లినక్స్ ఎక్కించి లేపి కూర్చోబెట్టినదే.

రంగులు సరిదిద్దే పాఠం దాకా అంతా సవ్యంగానే ఉంది. ఆ పాఠానికి ఏదో ఒక వీడియో ముక్క కావాల్సి వచ్చింది. మా ఆవిడ ముందు గదిలో కిటికీ పక్కన కూర్చుని ఎవరిదో కోటు బాగుచేస్తోంది. బట్టలు సరిచేసి ఇవ్వడం ఆవిడ పని. జిప్పులు మారుస్తుంది, పొడుగు తగ్గిస్తుంది, చిరిగిన చోట పోగు పక్కన పోగు అల్లి, చిరుగు ఎక్కడుండేదో తెలియకుండా చేస్తుంది. వెలుతురు బాగుంది కదా అని కెమెరా పట్టుకెళ్ళాను.

"చేతులు మాత్రం తీసుకుంటానే. మొహం రాదులే," అన్నాను.

"పని ఆపమనకపోతే మీ ఇష్టం," అంది తల కూడా ఎత్తకుండా.

పాఠం పెట్టాను. నీడల్లో నీలం ఎలా తగ్గించాలో, చర్మం రంగు చెడకుండా వెలుతురు ఎలా పెంచాలో, చూసినవాడు జన్మలో మరిచిపోకుండా చెప్పాను. మర్నాడు మధ్యాహ్నం దుకాణంలో ఫోన్ తీస్తే నా ఛానెల్లో ఎప్పుడూ లేనంత జనం. ఆశగా కింద వ్యాఖ్యలు తెరిచాను. "అన్నా, రంగుల సంగతి సరే, ఆ చిరుగు ఎటు పోయింది?" అని ఒకడు. "చేతులెవరివి గురువుగారూ?" అని ఇంకొకడు. ఒక మహాతల్లి అయితే, "మీరు కాసేపు మాట్లాడటం ఆపితే దారం లాగే చప్పుడు వినిపించేది" అని రాసింది. దానికి ఎంతమంది చప్పట్ల బొమ్మలు పెట్టారో చూసి ఫోన్ జేబులో పడేశాను. ఆ పూట ఒక అద్దం అంచు ఎక్కువ అరగదీసి పాడుచేశాను కూడా.

సాయంత్రం బావమరిది ఫోన్ చేశాడు. "బావా, కంగ్రాట్స్! నీ ఛానెల్ని జనం మొదటిసారి చివరిదాకా చూశారు. సౌండు తగ్గించుకుని చూశారనుకో, అది వేరే సంగతి," అన్నాడు. వాడికి నా గాలి తీయడం అంటే సరదా. వాళ్ళక్క నా పక్కనే ఉండి విని, "ఊరుకోరా, మీ బావకి కోపం వస్తుంది," అంది నవ్వాపుకుంటూ. కోపం వచ్చిందని ఎవరన్నారు? నాకు ఒళ్ళు మండింది, అంతే.

ఆవిడకి వేరే ఛానెల్ పెట్టింది నేనే. నా పాఠాల మధ్య సూదుల గోల దేనికి, అటుపక్కన పడి ఉంటుందిలే అనుకున్నాను. పేరు నేనే పెట్టాను, ముఖచిత్రం నేనే చేశాను, మైకు ఎంత దూరంలో పెట్టుకోవాలో నేనే చూపించాను. ఆ ఛానెల్ నా ఛానెల్ని దాటిపోవడానికి ఒక్క వీడియో చాలింది. ఊలు స్వెట్టరు భుజం మీద పడ్డ చిల్లు గురించిన వీడియో అది. అందులో ఆవిడ మాట్లాడిన నాలుగు ముక్కలూ ఇవి: "తొందరపడకండి. బట్ట మనకి చెబుతుంది ఎటు వెళ్ళాలో. అది వినండి. అయిపోయింది చూడండి." ఇంతోటి దానికి జనం కన్నీళ్ళు పెట్టుకున్నామని రాశారు. బట్ట చెబుతుందట! నేను సాఫ్ట్‌వేర్ చెప్పేది పూసగుచ్చినట్టు చెబితే ఒక్కడి కన్ను చెమ్మగిల్లలేదు.

పైగా ప్రతి వీడియో చివరా ఒక మాట చెబుతుంది. "ఈ వీడియో మొత్తం లినక్స్ మీద, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో తయారైందండీ. మావారు సాయం చేశారు." సాయం! ఆవిడ గంటల తరబడి కుడుతుంది, ఆ గంటల్ని నాలుగు నిమిషాలకి కుదించేది ఎవరు? దారం తెగిన చోట కోసి, దగ్గు వచ్చిన చోట కోసి, వీధిలో బండి హారన్ కొట్టిన చోట కోసి, కోసిన జాడ తెలియకుండా అతికేది ఎవరు? కూరగాయల సంచి మోసినవాణ్ణి అన్నట్టు సాయం అంటే కడుపు మండదా? ఒకసారి అనేశాను కూడా.

"సాయం కాదే, ఎడిటింగ్. దాన్ని ఎడిటింగ్ అంటారు."

"అలాగే, అదే చెబుతాను," అంది. తరువాతి వీడియోలో "మావారు ఎడిటింగ్‌లో సాయం చేశారు" అని చెప్పింది.

సాయంత్రాలు పక్కపక్కన కూర్చునేవాళ్ళం. నాకు కుర్చీ, ఆవిడకి కుట్టుమిషను ముందుండే స్టూలు. రెండు గ్లాసుల్లో టీ. "అక్కడ ఆపండి. పోగు పైనుంచి వెళుతోంది చూశారా, ఆ ఒక్క ముక్కా నెమ్మదిగా వెళ్ళనివ్వండి. లేకపోతే చూసేవాళ్ళకి అందదు," అనేది. నెమ్మది చేస్తే నిజంగానే బాగుండేది. అది నాకు ఇంకా మంట. ఏ పాఠమూ చదవకుండా, మౌసు కూడా సరిగా పట్టుకోవడం రాకుండా, ఎక్కడ కోయాలో ఎక్కడ ఆపాలో ఈ మనిషికి ఎలా తెలుస్తుంది? పైకి మాత్రం, "చూద్దాంలే, సాఫ్ట్‌వేర్ ఒప్పుకోవాలి కదా," అనేవాణ్ణి. సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ ఒప్పుకునేది.

ఇదిలా ఉండగా మెయిలు వచ్చింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఏటా ఒక సభ పెడతారు. ఎక్కడెక్కడి వాళ్ళో వస్తారు, వాళ్ళలో కొందరు వేదికెక్కి తమ పని చూపిస్తారు. ఆ వేదిక మీద నిలబడాలని నాకు ఎంత తపనో చెప్పలేను. ఏటా దరఖాస్తు పెట్టేవాణ్ణి. ఏటా, "ఈసారికి అవకాశం లేదు, ప్రేక్షకులుగా తప్పక రండి" అని జవాబు. సిగ్గులేకుండా వెళ్ళేవాణ్ణి, వెనక వరసలో కూర్చుని, వేదిక మీదవాడు చెప్పేది నాకు ముందే తెలుసని పక్కవాడికి చెవిలో చెప్పేవాణ్ణి.

ఈసారి మెయిలులో, "మీ వీడియోలు మా అందరికీ ఎంతో నచ్చాయి. ఈ ఏటి సభలో మీరు మాట్లాడితే బాగుంటుంది" అని ఉంది. కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. ఒంటరిగా ఉన్నాను కాబట్టి సరిపోయింది. తరువాత చదివితే, "మేడమ్, సూదితో మీరు చేసే పనిని" అని ఉంది. అప్పుడు చూశాను, అది ఆవిడ ఛానెల్ చిరునామాకి వచ్చిన మెయిలు. ఆ మెయిళ్ళు చూసేదీ నేనే మరి. తల కొట్టేసినట్టయింది. తుడిచేసే మీట మీదికి వేలు వెళ్ళింది కూడా. ఆవిడ తడి చేతులతో గదిలోకి వచ్చి, "ఏంటండీ, అలా కొయ్యబారిపోయారు?" అనకపోతే ఏం చేసేవాణ్ణో.

చదివి, "నాకెందుకండీ ఇది? వాళ్ళ ముందు నేనేం మాట్లాడతాను? మీరు వెళ్ళండి. సాఫ్ట్‌వేర్ గురించి తెలిసింది మీకు కదా," అంది.

అంతకన్నా ఏం కావాలి? వెంటనే ఆవిడ తరఫున జవాబు రాశాను. మా వీడియోల వెనక ఉన్న సాంకేతిక నిపుణులు మావారేనని, వారైతే సభకి మరింత ఉపయోగమని, ఎంతో గౌరవంగా రాశాను. సభ చూసుకునే ఆయన గుబురు గడ్డం మనిషి, ఏటా నా ముందే తిరిగేవాడు. ఆయన అరగంట తిరక్కుండా జవాబు పంపాడు. "మీవారు కూడా తప్పకుండా రావచ్చు మేడమ్. ముందు వరసలో కుర్చీ వేయిస్తాం." కుర్చీ!

ఇక ఆవిడకి బెదురు తీర్చే పని కూడా నా నెత్తిన పడింది. "సరే, వెళ్ళకపోతే బాగోదు. మీరు పక్కనుంటారు కదా," అని ఒప్పుకుంది.

ఆ సభకి ఒక పద్ధతి ఉంది. అక్కడ పూర్తయిన వీడియో ఒక్కటే చూపిస్తే కుదరదు. దాన్ని తయారుచేసిన ఫోల్డర్ మొత్తం, కోయని ముక్కలతో సహా, ముందే పంపాలి. ఎవరైనా దించుకుని తెరిచి చూసుకోవచ్చు. వేదిక మీద కూడా ఆ ప్రాజెక్టు తెరిచి పెడతారు. సభలో ఎవరు ఏ ముక్క మీద వేలు పెట్టి "అదేంటి?" అని అడిగినా విప్పి చూపించాలి, కుదరదనకూడదు. మూలం దాచుకోకపోవడమే కదా మా వాళ్ళ సిద్ధాంతం. నేను ఈ సిద్ధాంతం గురించి నా ఛానెల్లో మూడు పాఠాలు చెప్పాను. చూసినవాళ్ళు లేరు.

సభ కోసం కొత్త వీడియో మొదలుపెట్టాం. ఒక పాత కోటు, జేబు దగ్గర పెద్ద చిరుగు. ఆవిడ కుట్టింది, నేను కెమెరా పట్టాను. ముక్కలు కోసి వరసలో పెట్టాక ఆవిడ మాటలు రికార్డు చేయాలి. ఆ రోజు ఆవిడ సరుకులకి బజారుకి వెళ్ళింది. మైకు సరిగా ఉందో లేదో చూద్దామని రికార్డు మీట నొక్కాను. తెర మీద ఆవిడ చేతులు కదులుతున్నాయి. ఇంట్లో ఎవరూ లేరు. నోటికి ఏదో ఒకటి రావాలి కదా, వచ్చింది. ఆ సభలో నన్ను పిలిచి ఉంటే ఏం మాట్లాడేవాణ్ణో అది మొత్తం మాట్లాడేశాను. ఎక్కడా తడుముకోలేదు. ఏళ్ళుగా స్నానం చేస్తూ, బస్సులో నిలబడి, అద్దాలు అరగదీస్తూ మనసులో చెప్పుకున్న ప్రసంగం అది.

తరువాత వింటే బాగుంది. నిజం చెప్పొద్దూ, చాలా బాగుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో బొమ్మలూ మాటలూ అరల్లా ఒకదాని కింద ఒకటి ఉంటాయి, ఒక్కో అరని ట్రాక్ అంటాం. వద్దనుకున్న ట్రాక్‌ని పూర్తిగా తీసేయొచ్చు, లేదా మ్యూట్ చేయొచ్చు. మ్యూట్ చేస్తే అది అక్కడే ఉంటుంది, వీడియోలో వినబడదు, అంతే. తీసేయడానికి నాకు మనసొప్పలేదు. మళ్ళీ ఎప్పుడైనా వినొచ్చని మ్యూట్ చేసి అన్నిటికన్నా కిందికి తోసేశాను. ఆవిడ మాటలు పై ట్రాక్‌లో రికార్డు చేశాం. వీడియో బ్రహ్మాండంగా వచ్చింది. ఫోల్డర్ మొత్తం కట్టగట్టి గడ్డం ఆయనకి పంపేశాను. అప్పటికి నా మనసంతా సభవాళ్ళు తెర మీద నా పేరు కూడా వేస్తారా లేదా అన్న దాని మీద ఉంది. కింది ట్రాక్ సంగతి గుర్తుకే రాలేదు.

సభ రోజు హాలు కిటకిటలాడింది. గడ్డం ఆయన ఆవిడ పక్కన నన్ను చూసి, "ఓహో, మీరేనా మేడమ్‌గారి భర్త!" అని చెయ్యి ఊపేశాడు. ఏటా కనబడే నన్ను ఆయన గుర్తుపట్టడం అదే మొదటిసారి. మాట ఇచ్చినట్టే ముందు వరసలో కుర్చీ వేయించాడు. బావమరిది కూడా వచ్చి నా పక్కన కూలబడ్డాడు. "బావా, కాళ్ళు చాపుకో. వీఐపీవి," అన్నాడు.

ఆవిడ వేదిక ఎక్కింది. మొదట గొంతు వణికింది. రెండు వాక్యాలు మింగేసింది. లోపల నాకు కొంచెం సంతోషం వేసింది, అబద్ధమెందుకు. ఆ తరువాత సంచిలోంచి ఒక చిరిగిన బట్ట తీసి, కెమెరా కింద పెట్టి, సూది పట్టుకుంది. వణుకు ఎటు పోయిందో పోయింది. హాలంతా గుండుసూది పడితే వినబడేంత నిశ్శబ్దం. "తొందరపడకండి," అంది. నా వెనక కూర్చున్న వాడెవడో "అబ్బ" అన్నాడు. మెడ తిప్పి వాడి వంక కొరకొరా చూశాను.

తరువాత వీడియో వేశారు, చప్పట్లు మోగిపోయాయి. సభవాళ్ళు తెర మీద నా పేరు వేయలేదు. పద్ధతి ప్రకారం ప్రాజెక్టు తెరిచారు. గోడంత తెర మీద ట్రాకులన్నీ పరుచుకున్నాయి. ఆవిడ మౌసు పట్టుకుని, నేను ఇంట్లో నేర్పినట్టే, "ఇది కెమెరా ముక్క, ఇది నా మాట, ఇక్కడ నెమ్మది చేశాం," అని చూపిస్తోంది. అప్పుడు చూశాను. అన్నిటికన్నా కింద, బూడిద రంగులో, ఈ చివర నుంచి ఆ చివర దాకా నా గొంతు గీతలు గీతలుగా పడి ఉంది.

మధ్య వరసలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "మేడమ్, అట్టడుగున మ్యూట్ చేసిన ట్రాక్ ఒకటుంది. అదేంటో వినొచ్చా?"

ఆవిడ వంగి చూసింది. "ఏమోనమ్మా, నాకూ తెలీదు. విందాం ఉండండి," అంది. నా వైపు ఒకసారి చూసింది, మీట ఎక్కడుందో అడుగుతున్నట్టు.

నేను లేచి, "అది మైకు పరీక్ష, వదిలేయండి," అని అరవొచ్చు. హాయిగా అరవొచ్చు. కానీ ఆ క్షణంలో నాకు ఏమనిపించిందో చెబితే నవ్వుతారు. విననీ, అనిపించింది. మంచి ప్రసంగం కదా. ఇంతమంది ఉన్నారు, ఇదే హాలు, ఇదే వేదిక. ఆవిడ వైపు చూసి, మీట ఎక్కడుందో వేలితో నేనే చూపించాను.

"సభకి నమస్కారం! కూర్చోండి, కూర్చోండి," అంది హాలు నిండా నా గొంతు. తెర మీద ఆవిడ చేతులు కోటు జేబు దగ్గర పోగులు ఏరుతున్నాయి. జనం ఉలిక్కిపడి ఫక్కున నవ్వారు. బావమరిది నా మోచెయ్యి పట్టుకుని, "బావా, నువ్వే!" అన్నాడు. నేను నిటారుగా కూర్చున్నాను. ప్రసంగం సాగింది. పాత కంప్యూటర్‌కి ఎలా ప్రాణం పోశానో, మూలం దాచుకోకపోవడం ఎందుకు గొప్పదో. జనం వింటున్నారు, ఒట్టు. "కొంతమంది సూదీ దారం పట్టుకుని వస్తారు, జనం వెంటపడతారు. వాళ్ళని తప్పుపట్టను. కానీ తెర వెనక మనిషి ఎవరని ఎవరైనా అడిగారా?" అన్నాను. మళ్ళీ నవ్వు. అక్కడ కొంచెం ఇబ్బందిగా కదిలాను. ఆవిడ మౌసు మీద చెయ్యి అలాగే ఉంచి, తల ఒక పక్కకి వంచి వింటోంది.

"చివరిగా కృతజ్ఞతలు," అంది నా గొంతు. "ఈ సాఫ్ట్‌వేర్ రాసి లోకానికి ఇచ్చిన మహానుభావులకి. కంప్యూటర్ పారేసిన మా యజమానికి. నేను రికార్డు చేసే వేళకి మిక్సీ ఆపే పై వాటా వాళ్ళకి. కీబోర్డు మీద పడుకోకుండా దయతలచిన పక్కింటి పిల్లికి." పిల్లి దగ్గర హాలు ఘొల్లుమంది. "వీళ్ళు లేకపోతే నేను లేను. సెలవు."

తెర మీద ఆ చేతులు ఇంకా కుడుతూనే ఉన్నాయి. నవ్వు ఒక్కొక్క వరసగా తగ్గింది. ఎవరో తెర వంక చూసి, ఆవిడ వంక చూసి, చూపు దించుకున్నారు. ఇంతలో స్పీకర్లలోంచి చప్పట్లు వినబడ్డాయి. ఒక్క మనిషి చప్పట్లు. అది నేనే. ఆ రోజు గదిలో ఒంటరిగా నాకు నేనే కొట్టుకున్నాను, అది కూడా రికార్డయింది. ఎంతకీ ఆగవేం ఆ చప్పట్లు! ఆగాక తలుపు దబదబా చప్పుడు. ఆ వెనకే ఆవిడ గొంతు, దూరం నుంచి. "ఏవండీ, తలుపు తీస్తారా? రెండు చేతుల్లోనూ సంచులున్నాయి."

"ఉండు, పనిలో ఉన్నాను," అంది నా గొంతు. అంతటితో ట్రాక్ అయిపోయింది.

బావమరిది నా మోచెయ్యి వదిలేశాడు. హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు, నవ్వలేదు. ఆవిడ ఆ ట్రాక్‌ని మళ్ళీ మ్యూట్ చేసింది. మైకు దగ్గరికి జరిగి, "ఇంకేమైనా అడుగుతారా అండీ?" అంది. చిన్న చిరుగుకి ఏ సూది వాడాలని ఒక ముసలాయన అడిగాడు. చెప్పింది.

ఇంటికి వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. ఎప్పుడు తిడుతుందా అని చూస్తున్నాను. తిడితే నా దగ్గర జవాబులున్నాయి. అది మైకు పరీక్ష. నోటికి వచ్చింది అన్నాను. రాసుకున్నది కాదు. భార్యకి ఎవరైనా కృతజ్ఞతలు చెబుతారా, పరాయివాళ్ళకి చెబుతారు గానీ. అన్నీ సిద్ధంగా పెట్టుకున్నాను.

"బాగా మాట్లాడారండీ," అంది. "ఎక్కడా తడబడలేదు. నేనే తడబడ్డాను." వెటకారమేమో అని మొహం చూశాను. వెటకారం లేదు. టికెట్లు సంచిలో పెట్టుకుని, "ఇకమీదట ఆ కోయడం, అతకడం నేనే చేసుకుంటాను. మీ పాఠాలు ఉన్నాయి కదా, చూసి నేర్చుకుంటాను. మీ పనికి మీకు టైం దొరుకుతుంది," అంది.

"నీకెక్కడొస్తుందే అది?" అన్నాను.

"రాకపోతే నేర్చుకుంటాను," అని కిటికీ వైపు తిరిగింది.

అన్నంత పనీ చేసింది. ఇప్పుడు సాయంత్రాలు కంప్యూటర్ ఆవిడది. కుర్చీ కూడా ఆవిడదే. నేను ముందు గదిలో ఉంటాను. గోడ అవతల నుంచి నా గొంతే వినబడుతుంది, నా పాఠాలు మొదటి నుంచి వరసగా పెట్టుకుని చూస్తోంది మరి. మధ్యలో ఆపుతుంది, వెనక్కి తిప్పుతుంది, మళ్ళీ వింటుంది. నా ఛానెల్ని ఇంత శ్రద్ధగా చూసినవాళ్ళు ఇంతవరకూ లేరు. నేర్పుతున్నది నేనే, పక్కన కూర్చోబెట్టుకున్నది మాత్రం ఆ కంప్యూటర్‌ని. దుకాణం మూలనుంచి నేను మోసుకొచ్చిన డబ్బా అది. దాన్ని చూస్తే ఒళ్ళు మండుతోంది నాకు. ఎక్కడో ఒకచోట ఇరుక్కోక తప్పదు, అప్పుడు పిలవక తప్పదు అని చెవులు రిక్కించి కూర్చుంటున్నాను. "ఏమైనా కావాలా?" అని గుమ్మంలోంచి అడిగితే, "లేదండీ, చూసుకుంటున్నాను," అంటోంది మర్యాదగా.

లినక్స్ మీద వీడియోలు చేసేవాళ్ళు సందేహాలు అడిగి తెలుసుకునే చర్చావేదిక ఒకటుంది ఆన్‌లైన్‌లో. ఎవరేం అడిగినా జవాబు చెప్పడం నాకు ఏళ్ళ అలవాటు. ఇందాక ఫోన్‌లో అది తెరిచాను. అన్నిటికన్నా పైన కొత్త ప్రశ్న. "నమస్కారం. వీడియో మొత్తం కాకుండా ఒక్క చిన్న ముక్కనే నెమ్మదిగా వెళ్ళేలా చేయాలంటే ఎలాగో దయచేసి ఎవరైనా చెప్పగలరా? నేను కొత్తగా నేర్చుకుంటున్నాను." పక్కన బొమ్మ, సూది పట్టుకున్న రెండు చేతులు. ఆ బొమ్మ చేసింది నేనే.

మా ఇద్దరి సాయంత్రాలన్నీ ఆ పనే చేశాం. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. గబగబా టైపు చేయడం మొదలుపెట్టాను, తప్పులు దిద్దుకున్నాను, ఆవిడకి అర్థమయ్యేలా మీట రంగు కూడా రాశాను. పంపించి చూస్తే పైన అప్పటికే ఒక జవాబు ఉంది. కప్ప బొమ్మ పెట్టుకున్న వాడెవడో రెండే రెండు ముక్కల్లో చెప్పేశాడు. ఆడో మగో, ఏ మూల ఉంటాడో కూడా తెలియదు. దాని కింద మా ఆవిడ రాసింది: "చాలా కృతజ్ఞతలండీ. మీరు లేకపోతే ఈ రోజంతా ఇక్కడే ఆగిపోయేదాన్ని."

ఆ కప్పగాడి మీద నాకు ఎంత కడుపుమంటగా ఉందో చెప్పలేను. వాడి జవాబులో మీట రంగు లేదు. తరువాత ఏం చేయాలో లేదు. నాది వాడి దానికన్నా నాలుగింతలు మంచి జవాబు. వాడి కిందే ఉంది, కనబడేలాగే ఉంది. గోడకి ఇవతల ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ ఇంకా చూడలేదు.